క్రొత్త యింటి యజమాని – కరెంటు పనిముట్లు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. ఈ రెంటిలో పెండ్లి కష్టము పందిరి విప్పిన దినముతో చాలవరకు తీరును. ఇంటి సంగతి అట్లు కాదు. గృహప్రవేశమైన మరునాటినుండియే దాని పని మొదలగును. తలుపు గడియ సరిగా పడదు. బట్టల తీగకు కొక్కెము కావలెను. వంటయింటికి బల్లచెక్క కావలెను. దేవుని పటమునకు మేకు కావలెను. అద్దె యింటిలో నున్నంతకాలము ఇవన్నియు మరియొకరి బాధలు; స్వంత యింటిలో నివి మన బాధలే.

నేడు నేను మనవి చేయబోవు విషయము చిన్నది. క్రొత్తగా ఇల్లు కట్టుకొని, చేతికి పనితనము లేక, కరెంటుతో నడచు పనిముట్లను కొనవలెనని తలచుచు, కొనుటకు భయపడుచున్న ఒక గృహస్థుని గూర్చినది. ఆ గృహస్థుడను నేనే. ముప్పది సంవత్సరములు బడిలో పాఠములు చెప్పితిని. సుద్దముక్క తప్ప వేరొక పనిముట్టు పట్టి యెరుగను. అట్టివాడనగుటచేత నేను చేసిన పొరపాట్లు నలుగురికి ఉపయోగపడునని నమ్ముచున్నాను.

మాది ఆమడగూరు. 2022వ సంవత్సరము ఏప్రిలు నెలవరకు మేము అనంతపురము జిల్లావారము. అప్పటినుండి శ్రీ సత్యసాయి జిల్లావారము. మా తండ్రిగారి ఇల్లు మట్టిమిద్దె. రాతిగోడలు, పైన దూలములు, దంతెలు, వానిపై మన్ను. ఆ యింటి గోడలలో దీపమునకొక గూడు, పుస్తకములకొక గూడు, తలపాగా తగిలించుటకు చిలుకకొయ్య కట్టునప్పుడే అమర్చియుండిరి. తరువాత గోడకు రంధ్రము చేయవలసిన అక్కరయే కలుగలేదు. నేడు మనము కట్టు ఇండ్లలో గోడలు అద్దమువలె నున్నగా నున్నవి. గూళ్లు లేవు, కొయ్యలు లేవు. ప్రతి వస్తువునకును గోడను తొలువవలసినదే. కనుకనే మన తాతలకు అక్కరలేని బరమా మనకు అక్కర అయినది.

గృహప్రవేశమైన వారమునకు మా తండ్రిగారి పటమును నడవలో తగిలింపదలచితిని. మేకు తెచ్చి సుత్తితో కొట్టితిని. వంగినది. రెండవది వంగినది. మూడవది, నాలుగవది అట్లే. అయిదవ మేకు ఎగిరి నా చెవి ప్రక్కగా పోయి కిటికీ అద్దమునకు తగిలినది. నేను కొట్టుచున్నది ఇటుక గోడ కాదనియు, లోపల ఇనుప చువ్వలున్న కాంక్రీటు స్తంభమనియు నాకు తెలియదు. మా యింటి ఆమె, “పటము బల్లమీదనే ఉండనిండు. ఆయనకేమియు కోపము రాదు” అన్నది. ఆ మాటకు నాకు రోషము వచ్చినది. మరునాడే బస్సెక్కి ఒక పట్టణమునకు పోతిని.

ఇక అంగడి సంగతి. అచట గోడనిండ పచ్చనివి, నీలివి, ఎఱ్ఱనివి యంత్రములు వ్రేలాడుచున్నవి. నా మనుమని యీడు కుఱ్ఱవాడొకడు వచ్చి, “ఏమి కావలె తాతా?” అని యడిగెను. గోడకు రంధ్రము చేయు యంత్రమని చెప్పిన చాలునుగదా! కాని తెలియనివాడని నవ్వునేమో యని సిగ్గుపడి, “మంచివి చూపుము” అంటిని. బాబులారా, ఈ “మంచివి చూపుము” అను మాటకంటె ఖరీదైన మాట అంగడిలో మరియొకటి లేదు. ఆ పిల్లవాడు నాకొక డ్రిల్లును, దానితో కూడ నాలుగంగుళముల గ్రైండరును చూపించెను. “ఇది రాయి కోయును, ఇనుము కోయును; ఈ బిళ్ల బిగించిన కట్టెయు కోయును” అని రంపపు పండ్లవంటి పండ్లున్న చక్రమొకటి చేతికిచ్చెను. ఆ చక్రము పట్టుటకు అడ్డురేకు అడ్డమైనదని దానిని విప్పి అట్టపెట్టెలో పడవేసెను. బిల్లు వ్రాసినచో పన్ను పడునని, వ్రాయకున్నచో కొంత తగ్గింతుననియు చెప్పెను. నేను తలయూపితిని. భయపడుచునే కొంటిని. భయము పైకి కనబడరాదను తొందరలో అడుగవలసిన మాట యొక్కటియు అడుగలేదు.

ఇంటికి తెచ్చి గ్రైండరని చెప్పగా, ఇంటిలోనివారు ఇడ్డెనల పిండి రుబ్బునదని తలచి సంతోషించిరి. విప్పి చూచిన తరువాత ఆ సంతోషము నిలువలేదు.

ఆ సాయంకాలము మా ద్వారబంధములు చేసిన ఆచారి వచ్చెను. వయసున నాకంటె పెద్ద. బాడిశతో మొదలుపెట్టి, నేడు కరెంటు చిత్రికతో పనిచేయుచున్న మనిషి. గ్రైండరును, పండ్ల చక్రమును చూచెను. మాటలాడక తన యెడమ చేతిని నా ముందు చాచెను. రెండు వ్రేళ్లు నడిమి కణుపువరకే యున్నవి. ఆయన మా యింటిలో ఆరు నెలలు పనిచేసెను. నేనా చేతిని అంతవరకు గమనింపనే లేదు.

“అయ్యవారూ, ఇది ఇట్టి చక్రముచేతనే పోయినది. వేపచెక్క కోయుచుంటిని. లోపల ముడి యున్నది. చక్రము ముడిలో కఱచుకొన్నది. యంత్రము ఎగిరినది. అడ్డురేకు నేనే తీసివేసియుంటిని. ఎగిరినది నాకు తెలియదు; వ్రేళ్లు క్రింద పడినది తెలిసినది” అనెను.

ఆయన చెప్పిన దాని కారణమును నేను తరువాత లెక్కవేసి చూచితిని. మీరును చూడుడు. నాలుగంగుళముల గ్రైండరు నిమిషమునకు సుమారు 11,000 మారులు తిరుగును. చక్రము వ్యాసము 100 మిల్లీమీటర్లు. అనగా ఒక్క చుట్టునకు దాని అంచు 31 సెంటీమీటర్లు నడచును. గంటకు లెక్కగట్టిన 200 కిలోమీటర్లకు పైబడును. మా యూరి పేరులోనే ఆమడ యున్నది. ఆమడ యనగా పెద్దల లెక్కలో ఎనిమిది పది మైళ్లు. ఆ దూరమును చక్రపుటంచు నాలుగైదు నిమిషములలో దాటును. రాయిని ఇనుమును కోయు గరుకు బిళ్ల తాను అరుగుచు కోయును. పండ్ల చక్రము అరుగదు, కఱచును. కఱచి నిలిచిపోయినచో ఆ వేగమంతయు యంత్రమును పట్టుకొన్న చేతిమీదికి తిరుగును. కనుక గ్రైండరునకు పండ్ల చక్రము బిగింపరాదు. కట్టె కోయుటకు వేరే రంపపు యంత్రములున్నవి. వాని అడ్డురేకులు వేరు, పట్టు వేరు, వేగము వేరు. ఇది నేను నేర్చిన మొదటి పాఠము.

ఆచారి యంత్రమును తిట్టలేదు. “ఆడలేక మద్దెల ఓడనరాదు గదా!” అని నవ్వెను. తరువాత రెండు ప్రశ్నలు వేసెను. “ఏ పనికి కొంటిరి?” అనునది మొదటిది. “మీ యింటి కరెంటు దీనికి సిద్ధముగా నున్నదా?” అనునది రెండవది. నాయొద్ద రెంటికిని సమాధానము లేదు. బడిలో పిల్లవానిని ఇట్లు నిలబెట్టి ప్రశ్నించినవాడను, ఆ దినమున నేనే నిలబడితిని.

రెండవ ప్రశ్ననే ముందు తీసికొందును. ఏలయనగా అదియే పెద్దది.

మన యిండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులు. ఇంటిలోని ఎం.సి.బి. యను మీట ఎక్కువ కరెంటు లాగినప్పుడు పడిపోవును. అది పడును గనుక మనకు రక్షణ కలదని చాలమంది నమ్ముచున్నారు. అది పొరపాటు. ఎం.సి.బి. కాపాడునది తీగను, మనిషిని కాదు. మనిషి ప్రాణమును తీయుటకు ఆంపియరులో చిన్న భాగము చాలును. మనిషిని కాపాడునది వేరొకటి; దాని పేరు ఆర్.సి.సి.బి. అది త్రాసువంటిది. ఇంటిలోనికి పోవు కరెంటును ఒక తట్టలో, తిరిగి వచ్చు కరెంటును మరియొక తట్టలో వేసి తూచుచుండును. రెండును సమానముగా నున్నంతవరకు ఊరకుండును. పోయినదానిలో కొంత తిరిగి రాకున్నచో, అది మనిషి దేహముగుండ నేలకు పోవుచున్నదని యెంచి, కన్ను మూసి తెరచునంతలో త్రెంచివేయును. ఇండ్లకు పెట్టునది 30 మిల్లీ ఆంపియరుల తేడాకే పడిపోవునది కావలెను. దానిమీద “టెస్టు” అని వ్రాసిన మీట యుండును. నెలకొక మారు నొక్కి చూడవలెను. పడినచో పనిచేయుచున్నదని తెలియవలెను.

ఆచారి మాటమీద మా యూరి కరెంటు పనివానిని పిలిపించి ఆర్.సి.సి.బి. పెట్టింపబోతిని. అతడు మొదట ఇంటిలోని ప్లగ్గులన్నిటిని పరీక్షించెను. మూడు రంధ్రములలో పైన నున్న పెద్ద రంధ్రము ఎర్తునకు చెందినది. మా వంటయింటి ప్లగ్గును విప్పి చూడగా ఆ రంధ్రము వెనుక తీగయే లేదు. ఇల్లు కట్టించినవారు తీగ మిగిల్చిరి. ఆ ప్లగ్గునుండియే మా కోడలు మిక్సీ వేయుచున్నది. దానికే బియ్యము కడిగిన తడిచేతితో కుక్కరు తగిలించుచున్నది. నేను గోడకు పటము తగిలించుటకు పోయి, ఇంటి ప్రాణముమీద నున్న ముప్పును కనుగొంటిని. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఎర్తు గుంటను గూర్చి మన సీమవారు ప్రత్యేకముగా తెలిసికొనవలసినది కలదు. అనంతపురపు సీమలో సంవత్సరమునకు సగటున కురియు వాన 550 మిల్లీమీటర్లు మాత్రమే. నేల తడిగా నున్నప్పుడే కరెంటును తనలోనికి తీసికొనును. వైశాఖ జ్యేష్ఠ మాసములలో మన నేల పెంకువలె ఎండును. అప్పుడు ఎర్తు ఉన్నను లేనట్లే. అందుకొఱకే గుంటలో బొగ్గు, ఉప్పు వేయుదురు. పైన గొట్టము విడుతురు. ఆ గొట్టమునందు వేసవిలో నీరు పోయుచుండవలెను. తులసికోటకు నీరు పోయు చేతితోనే దానికిని ఒక చెంబెడు పోసిన చాలును.

ఇక మొదటి ప్రశ్న. ఏ పనికి?

మరునాడు ఆచారియు నేనును ఇల్లంతయు తిరిగి, కావలసిన పనులను ఒక కాగితముపై వ్రాసితిమి. పటములు, తెరల కడ్డీలు, వంటయింటి బల్లచెక్క, మెట్లప్రక్క చేతికఱ్ఱ, రెండు గడియలు. పదునెనిమిది రంధ్రములు; ఇరువదియారు మరమేకులు. కోయవలసినది ఒక ఇనుప కడ్డీ మాత్రమే. దానికి గ్రైండరు కొనవలసిన పనియే లేదు. ఇనుప రంపముతో పావుగంటలో ఆచారి కోసి యిచ్చెను. నేను పట్టణములో బడాయి కొంటిని గాని పనిముట్టు కొనలేదు.

కొనదలచినవారికి ఆచారివలనను, నా డబ్బువలనను నేను నేర్చినది చెప్పెదను.

గోడకు రంధ్రము చేయునవి రెండు విధములు. మొదటిది సుత్తి మీట గల సాధారణపు డ్రిల్లు. మీట త్రిప్పిన కట్టెకును ఇనుమునకును పనిచేయును. మరల త్రిప్పిన గుద్దుచు తిరుగును. ఇటుకకు, సిమెంటు పూతకు ఇది చాలును. రెండవది రోటరీ హామరు. దీనిలో గాలిని నొక్కు ముషలమొకటి యుండి బిట్టును రోకలివలె పోటు వేయును. కాంక్రీటు స్తంభమునకు, పైకప్పునకు, మన సీమ నల్లరాతికి ఇదియే తగినది. నేను మొదటిదానితో స్తంభముపై అరగంట నొక్కినచో బిట్టు ఎఱ్ఱబడునే గాని అంగుళము దిగదు. ఇట్టిది జీవితములో రెండుమూడు మారులు కావలసినప్పుడు కొననక్కర లేదు; పనివానిని పిలిచి కూలి యిచ్చిన చాలును. ఒకే పని మూడవమారు తలుపు తట్టినప్పుడు కొనుట యుక్తము.

బిట్లును మూడు విధములు: కట్టెకు ఒకటి, ఇనుమునకు ఒకటి, గోడకు కొనయందు గట్టి లోహపు ముక్క అతికినది ఒకటి. ఒకదాని పని మరియొకదానితో చేయరాదు. డ్రిల్లు దవడ 10 మిల్లీమీటర్లదైనను 13 మిల్లీమీటర్లదైనను ఇంటి పనికి చాలును. మీటను మెల్లగా నొక్కిన మెల్లగా తిరుగునది మేలు.

ఈ మీటకు చిన్న చరిత్ర కలదు. కరెంటుతో తిరుగు బరమాకు 1889లో ఆస్ట్రేలియాలోని మెల్బోరను నగరమున ఆర్థర్ జేమ్స్ ఆర్నాట్, విలియమ్ బ్రెయిన్ అనువారు పేటెంటు పొందిరి. 1895లో జర్మనీలోని స్టుట్‌గార్టు నగరమున ఫైన్ అనువారి కర్మాగారములో చేతితో మోయదగినది తయారైనది. 1917లో అమెరికాలోని బ్లాక్, డెకర్ అను నిరువురు తుపాకి పిడివంటి పిడియు, వ్రేలితో నొక్కు మీటయు గల దానికి పేటెంటు పొందిరి. నేడు మనము చూచు రూపమదియే. వ్రేలు విడిచిన క్షణమున యంత్రము నిలుచును. దానిలోని మేలు ఇంతయు ఇచ్చటనే యున్నది. మీటను నొక్కినదానిని నొక్కినట్లే నిలుపు చిన్న బొత్తమొకటి ప్రక్కన నుండును. క్రొత్తవారు దానిని ముట్టకుండుటయే మంచిది.

బ్యాటరీతో నడచు డ్రిల్లులు 1961నుండి అంగడికి వచ్చినవి. మరమేకులు బిగించుటకు, బందులు సరిచేయుటకు ఇవి ముసలి చేతులకు అనుకూలము. వీనివలన మరియొక గొప్ప మేలు కలదు. నేటి గోడలలో కరెంటు తీగలు లోపల దాగియున్నవి. పూర్వము చెక్కపట్టీలమీద కంటికి కనబడుచుండెను. రంధ్రము చేయునప్పుడు బిట్టు ఆ తీగకు తగులవచ్చును. బ్యాటరీ డ్రిల్లైనచో ఇంటి మెయిను కట్టివేసి పని చేయవచ్చును. తీగ డ్రిల్లునకు ఆ సౌకర్యము లేదు. ఎట్లైనను స్విచ్చిబోర్డునకు నిలువుగా పైనను క్రిందను, అడ్డముగా ఇరుప్రక్కలను రంధ్రము చేయరాదు. తీగల గొట్టములు చాలవరకు ఆ దారులనే పోవును. ఇప్పుడు ఇల్లు కట్టుచున్నవారు వినుడు: గోడకు పూత వేయకముందే ప్రతి గోడకును ఫోనుతో ఒక ఫోటో తీసి యుంచుడు. ఖర్చు లేదు, మీ మనుమలనాటికిని పనికివచ్చును.

తీగ యంత్రముల కొలత కొంచెము తెలిసియుండవలెను. 600 వాట్ల డ్రిల్లు గంటసేపు నడచినచో అరయూనిట్టునకు కొంచెము ఎక్కువ మాత్రమే కాలును. బిల్లునకు భయపడనక్కర లేదు. భయపడవలసినది పొడుగు తీగకు. సన్నని తీగను చుట్టగా చుట్టి యుంచి నడపినచో లోపల వేడెక్కి కరగును. పూర్తిగా విప్పి పరచవలెను. సాయంకాలము వోల్టేజి తగ్గి దీపములు మినుకుమనునప్పుడు మోటారు యంత్రములను నడపరాదు. ప్లగ్గు లేని తీగ కొనలను రంధ్రములలో దూర్చి అగ్గిపుల్లలు చెక్కు అలవాటు మనలో కలదు. పంటపొలములవద్ద ఎంతమంది ప్రాణములు దానివలన పోవునో మీకు తెలియనిది కాదు.

కొన్ని డ్రిల్లులకు రెండు ముళ్ల ప్లగ్గే యుండును, ఎర్తు ముల్లుండదు. అది దొంగ సరుకని నేను మొదట తలచితిని. అట్లు కాదు. యంత్రముపై చతురస్రములో మరియొక చతురస్రము గీచిన గుర్తున్నదేమో చూడుడు. ఉన్నచో లోపల రెండు పొరల రక్షణ కలదని అర్థము. దానికి ఎర్తు అక్కర లేదు. అట్టిదానికి తొడుగు పగిలినచో మాత్రము వాడరాదు.

గ్రైండరు తప్పక కావలసినవారు మూడు సంగతులు మరువరాదు. అడ్డురేకును విప్పరాదు. బిళ్లమీద వ్రాసిన వేగము యంత్రముమీది వేగమునకు తగ్గరాదు. బిళ్ల నడిమి యినుప వలయముమీద గడువు తేదీ యుండును. మందుసీసాకు వలెనే అది దాటినదానిని తీసికొనరాదు.

ఇక ఒంటిమీది రక్షణ. కండ్లకు అద్దములు ముందు కొనవలెను, యంత్రము తరువాత. చదువుకొను అద్దములు దీనికి పనికిరావు. భుజముమీది తువాలును తీసి దూరముగా పెట్టవలెను; పంచెను బిగించి కట్టవలెను. డ్రిల్లు పట్టునప్పుడు వదులు చేతితొడుగులు వేసికొనరాదు. తిరుగు బిట్టు వానిని పట్టి చేతిని కూడ లాగికొనును. రాతిదుమ్ము, సిమెంటుదుమ్ము ఊపిరితిత్తులలో చేరినచో సిలికోసిస్ అను వ్యాధి కలుగును. దానిని నయము చేయు మందు లేదు. రాళ్లు కొట్టి బ్రతుకు సీమవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు. 2020నాటి మహమ్మారిలో మనమందరము ఎన్-95 మాస్కులు కట్టుకొంటిమి. అవియే దీనికిని పనికివచ్చును.

తుదకు బిల్లు. నా గ్రైండరును తిరిగి యిచ్చివేయుటకు పోగా అంగడివారు, “ఇది మాయొద్ద కొన్నదేనా? బిల్లేది?” అని యడిగిరి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లైనది. కొంత పన్ను మిగిల్చుకొనబోయి మొత్తమును పోగొట్టుకొంటిని. 2020 జూలై 20వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 2019నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, మనమున్న జిల్లాలోనే ఫిర్యాదు చేసికొనవచ్చును. 1915 అను నంబరునకు ఫోను చేసి సలహా అడుగవచ్చును. అయితే బిల్లు లేనివానికి చట్టమైనను ఏమి చేయగలదు? బిల్లు, వారంటీ చీటీ ఇంటి పత్రములతో కలిపి దాచుడు.

రెండవమారు అంగడికి పోయినప్పుడు ఆచారిని వెంటబెట్టుకొని, చేతిలో ఆ కాగితముతో పోతిని. ఆ కుఱ్ఱవాడే వచ్చెను. ఈ మారు, “నాయనా, నాకు ఈ పని తెలియదు. ఈ పదునెనిమిది రంధ్రములు చేయవలెను. ఏది కావలెను?” అని యడిగితిని. ఆశ్చర్యమేమనగా ఆ పిల్లవాడు నవ్వలేదు. ఓపికగా చూపించెను. రెండు మూడు వేల రూపాయలలో పని ముగిసినది. మొదటిమారు నన్ను మోసగించినది అంగడివాడు సగము. నా సిగ్గు సగము.

మహాశయులారా, నేను చెప్పదలచినది ఇంతే. భయము రెండు విధములు. దాచుకొన్న భయము అడుగనీయదు, తొందరపెట్టును, వ్రేళ్లు తీయును. చెప్పుకొన్న భయము పదిమందిని అడిగించును. ఎర్తు తీగ లేదని చూపించును. ఊరిలో ఏ పిల్లవాడైనను క్రొత్తగా ఇల్లు కట్టుకొని, యంత్రము పట్టుటకు జంకినచో మన పెద్దలము, “మగవాడవు కావా?” అని ఎగతాళి చేయుదుము. ఇకమీద చేయకుందము. ఆ జంకునకు ఒక ఆచారిని తోడుగా పంపుదము.

దసరా పండుగలో ఆయుధపూజనాడు మన పనిముట్లకు పసుపు కుంకుమలు పెట్టుదుము. ఆనాడు బొట్టు పెట్టుటకు ముందు ప్రతి యంత్రపు తీగను ఒకమారు చేతితో తడవి, ఎచ్చటనైనను తెగినదా యని చూచు ఆచారమును మా యింటిలో మొదలుపెట్టితిమి. ఆర్.సి.సి.బి. మీటను కూడ ఆ దినమున మా మనుమరాలు నొక్కును. అది టక్కున పడగానే చప్పట్లు కొట్టును.

మా తండ్రిగారి పటము నడవలో నున్నది. స్తంభము వదలి, జానెడు ప్రక్కన, ఇటుక గోడకు ఆచారి గుర్తు పెట్టగా నేనే రంధ్రము చేసితిని. చేతులు వణకినవి, అద్దముల లోపల చెమట క్రమ్మినది. మరమేకు బిగించి పటము తగిలించి క్రిందికి దిగితిని. ఒక ప్రక్కకు కొంచెము ఒరిగియున్నది. సరిచేయుదునా యని ఆచారి యడిగెను. ఉండనిమ్మంటిని.